పంటి లోపలి దారి

దానమ్మ గడ్డం మీద పుండు లేచి రెండో వానాకాలం నడుస్తోంది. మొదట కందిగింజంత మొటిమలా వచ్చింది. చీము కారింది, ఎండింది, చెక్కు కట్టింది. పోయిందిలే అనుకుంటే పక్షం తిరక్కుండానే అదే చోట మళ్ళీ లేచింది. పసుపు పూసింది. వేపాకు నూరి కట్టింది. శృంగవరపుకోటలో ఒక కాంపౌండరు కోసి మందు పెట్టాడు. మానినట్టే మాని మళ్ళీ ఊరింది. నొప్పి మాత్రం లేదు. అందరినీ భయపెట్టింది అదే. నొప్పి లేని పుండంటే ఆ ఊళ్ళో ఒకటే అర్థం.

ఆ పేరు ఎవరూ ఆమె మొహం మీద అనలేదు. పెద్దరోగం అని అత్త పైడమ్మ పొరుగామెతో గొంతు తగ్గించి అంటుంటే ఒకసారి ఆమె చెవిన పడింది. మర్నాటి నుంచి దానమ్మ కంచం, చెంబు విడిగా గోడవారన కనిపించాయి. వారం వారం కోట సంతకు వంకాయలు, పచ్చిమిరపకాయలు మోసుకెళ్ళి అమ్మేది. బేరమాడడానికి వంగినవాళ్ళు ఆమె గడ్డం చూసి పక్క గంప దగ్గరికి జరిగిపోసాగారు. కొన్నాళ్ళకి సంత మానేసింది. కలుపు తీతలో కూడా నలుగురూ ఉన్న మడి వదిలేసి చివరి మడిలోకి వెళ్ళేది.

భర్త సోములు మాటకారి కాడు. కుష్ఠు వైద్యం చేసే డాక్టరొకాయన కోటకు వచ్చి పోతుంటాడని విని, ఒక రోజు పొద్దున్నే బండి కట్టి, "లే, ఎల్దాం" అన్నాడు. ఆమె కొంగుతో గడ్డం కప్పుకుని బండెక్కింది.

ఆ డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమని, కోడి ఈకతో చెంపనూ గడ్డాన్నీ తాకాడు. తాకినప్పుడల్లా చెప్పమన్నాడు. సూది మొనతో పొడిచాడు. చేతులు, పాదాలు, మోచేతి వెనక నరం, అన్నీ తడిమి చూశాడు.

"ఇది ఆ రోగం కాదమ్మా," అన్నాడు.

బల్ల మీద కూర్చున్న దానమ్మ సోములు వైపు తిరిగింది.

"మరేటి బాబూ?" అని సోములు అడిగాడు.

డాక్టరు ఆమెను నోరు తెరవమన్నాడు. కింది వరసలో ముందు పళ్ళ మధ్య ఒకటి మిగతావాటికన్నా నల్లబారి ఉంది. ఆయన దాన్నీ పుండునూ మార్చి మార్చి చూశాడు.

"విజయనగరంలో నరసింగరావుగారని పళ్ళ డాక్టరున్నారు. ఆయనకు చూపించండి."

తిరుగుదారిలో దానమ్మ అంది, "పుండు గెడ్డం మీద ఉంటే పళ్ళ డాట్రు ఏటి సేత్తాడు మావా?"

"ఏటో. ఎల్లి సూద్దాం," అన్నాడు సోములు.

నరసింగరావు మద్రాసులో చదువుకొని వచ్చినవాడు. విజయనగరం బజారులో ఒక మేడ కింద గదిలో వైద్యం చేస్తాడు. గది మధ్యన తల ఆనించుకునే ఇనుప కుర్చీ, పక్కన కుట్టుమిషనులా కాలితో తొక్కే యంత్రం ఉన్నాయి. ఆయన దానమ్మను కూర్చోబెట్టి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూశాడు. నల్లబడిన పంటి మీద చిన్నగా తట్టాడు.

"ఈ పంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అమ్మా?"

లేదంది. అంతలో గుర్తొచ్చి, "ఎప్పుడో ఆవు పాలు పితుకుతుంటే దూడ తలతో కొట్టింది బాబూ. రగతం వచ్చింది. రెండ్రోజులు నొప్పెట్టి తగ్గిపోనాది," అంది.

ఆయన ఒక డబ్బాలోంచి సన్నటి గులాబీరంగు పుల్ల తీశాడు. మెత్తగా, రబ్బరులా వంగుతోంది. దాని కొనను గడ్డం మీద పుండులోకి నెమ్మదిగా దించాడు. దానమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కాని నొప్పి పుట్టలేదు. పుల్ల తనకు తెలిసిన దారిన పోతున్నట్టు లోపలికి జారిపోయింది. చెవిపుల్లంత పోయి ఆగింది. సోములు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

అది అలాగే ఉంచి ఎక్స్‌రే తీశాడు. చీకటి గదిలోకి వెళ్ళి కాసేపటికి తడి ఫిల్ము క్లిప్పుతో పట్టుకుని వచ్చాడు. కిటికీ వెలుతురులో నిలబెట్టాడు. చేయి ఆమె వైపు చాచి ఉందిగాని, ఆయనే ముందు చాలాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"ఇవి నీ పళ్ళమ్మా. ఇవి వాటి వేళ్ళు. ప్రతి వేరు మధ్యలో సన్నటి గీత కనిపిస్తోందా? అది దారి. పన్ను రాయి కాదు. దాని లోపల నరం, రక్తం ఉంటాయి."

బొగ్గూ సున్నమూ కలిపి గీసినట్టున్న ఆ బొమ్మలో దానమ్మకు మొదట ఏమీ అంతుపట్టలేదు. చూడగా చూడగా పళ్ళు పోల్చుకుంది. ఇన్నాళ్ళూ అన్నం నమిలిన తన పళ్ళకి చెట్లకున్నట్టే వేళ్ళున్నాయి.

"ఈ వేరు చివర నల్లటి గుండ్రం చూడు. దూడ కొట్టిన రోజునే లోపలి నరం చచ్చిపోయింది. చచ్చింది కుళ్ళింది. ఆ కుళ్ళు వేరు కొసనుంచి కిందికి దిగి, ఎముకను తిని, బయటికి దారి వెతుక్కుంది. ఇదిగో, నేను పెట్టిన పుల్ల."

గడ్డం చర్మం దగ్గర మొదలైన తెల్లటి గీత వంకర తిరిగి, తిన్నగా ఆ నల్లటి గుండ్రంలోకి వెళ్ళి ఆగింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించినట్టుంది.

"అయితే పీకేయండి బాబూ," అన్నాడు సోములు.

"పీకినా పుండు మానుతుంది. కాని పన్ను గట్టిగా ఉంది. లోపలి కుళ్ళు తీసి, కడిగి, దారి మూసేస్తే పన్ను ఉంటుంది. నాలుగైదుసార్లు రావాలి. ఏం చేయమంటావమ్మా?"

దానమ్మ ఆ ఫిల్మువైపే చూస్తోంది. "ఉంచండి. నాను వత్తాను," అంది.

ఆయన నాలుకవైపు నుంచి పంటికి చిన్న రంధ్రం చేశాడు. యంత్రం తొక్కుతుంటే గరగరమని తల అంతా మోగింది గాని నొప్పి తెలియలేదు. చచ్చిన పంటికి నొప్పి ఎక్కడిదన్నాడు. ఉన్నట్టుండి కుళ్ళు కంపు ముక్కుకు తగిలి ఆమె సిగ్గుతో కళ్ళు మూసుకుంది. ఆయన చీదరించుకోలేదు. "ఇదే, ఇదే కావాలి," అన్నాడు. వెంట్రుకంత సన్నటి సూదులు ఒక్కొక్కటే లోపలికి పంపి, తిప్పి, బయటికి తీసి దూదికి తుడిచాడు.

తర్వాత సిరంజితో ఉప్పునీళ్ళు పట్టాడు. "నెమ్మదిగా కడుగుతున్నాను. కదలకు," అన్నాడు.

అప్పుడు సోములు కుర్చీ దగ్గరికి వచ్చి వంగి, "బాబూ, సూడండి," అన్నాడు.

గడ్డం మీది పుండులోంచి నీటిబొట్టు ఒకటి ఉబికి వచ్చింది. నిండి, జారి, మెడ మీదికి కారింది. వెనకే మరొకటి. దానమ్మ వేలు పెట్టి తాకి చూసుకుంది. చల్లగా ఉంది. నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

పంట్లో పోసిన నీరు గడ్డంలోంచి వచ్చింది.

వీధిలో జట్కాబండి వెళ్తున్న చప్పుడు వినిపించింది. నరసింగరావు సిరంజి పళ్ళెంలో పెట్టి, "పుస్తకంలో చదివానమ్మా. కళ్ళతో చూడడం ఇదే," అన్నాడు. ఆయన గొంతు డాక్టరు గొంతులా లేదు. కొత్త చోటు చూసి వచ్చినవాడి గొంతులా ఉంది.

లోపల మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూసి, వారానికి రమ్మన్నాడు. పుండుకు మందేమీ ఇవ్వలేదు. "దాన్ని ముట్టుకోకు. దానంతటదే మానాలి," అన్నాడు.

దానమ్మకు నమ్మకం చాల్లేదు. కాని మూడోనాడు పొద్దున లేచి చూస్తే గడ్డం పొడిగా ఉంది. మర్నాడూ పొడిగానే ఉంది. వారం తిరిగేసరికి చెక్కు రాలి, కింద లేత చర్మం కనిపించింది. దూరం నుంచి చూస్తున్న పైడమ్మ ఇంక ఆగలేక దగ్గరికొచ్చి, బొటనవేలితో ఆ చోటు తడిమింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

"ఏ మందు రాసేడే?"

"గెడ్డానికేటీ రాయలేదత్తా. పంట్లో కడిగేడు."

పైడమ్మ ఆ చేతిని కొంగుకు తుడుచుకోలేదు. "నాను శానా తప్పు మాటలన్నాను కోడలా," అని అక్కడే చతికిలబడింది. ఆ పూట ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గంటిపిండి అంబలి తాగారు.

చివరిసారి నరసింగరావు ఆ గులాబీరంగు పుల్లనే పంటి దారిలో వేరు కొసదాకా దించి, కాల్చిన ఇనుప పుల్లతో పైకి మిగిలిన కొస తెంచి, పైన గట్టిగా మూసేశాడు. కోతలయ్యాక మళ్ళీ ఒకసారి రమ్మన్నాడు. వెళ్తే ఇంకో ఫిల్ము తీసి పాతదాని పక్కన పెట్టి చూపించాడు. పాతదాంట్లో నల్లటి గుండ్రం ఉన్నచోట కొత్తదాంట్లో బూడిదరంగు పొర అల్లుకుంటోంది.

"ఎముక పూడుతోందమ్మా."

"మీరు ఏసేరా బాబూ?"

"నేనెక్కడ వేస్తాను? నేను చేసింది మురికి తీయడమే. పూడ్చేది నీ ఒళ్ళు. ఎలా పూడుస్తుందో నాకూ పూర్తిగా తెలీదు."

దానమ్మ రెండు ఫిల్ములూ ఒకసారి తనకిమ్మని అడిగి తీసుకుని, బయట వసారాలోకి వచ్చింది. అక్కడ బెంచీ మీద నెల్లిమర్ల మిల్లులో పనిచేసే ఆవిడ ఒకతె చెంప వాచి, గుడ్డ కట్టుకుని, లోపలికి వెళ్ళడానికి భయపడుతూ కూర్చుని ఉంది. దానమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఫిల్మును ఎండకెత్తి పట్టుకుంది.

"ఇలా సూడమ్మా. ఇది నా పన్ను. ఇది ఏరు. ఈ మజ్జిన సన్నంగా ఉన్నాది సూడు, అది దారి," అని వేలితో చూపించింది.

ఆవిడ చెంప పట్టుకునే ముందుకు వంగింది.