మంచం కింద ఊపిరి

వరహాలు నిద్రలోకి జారగానే గది కప్పు కిందికి దిగుతుంది. ఫ్యాను ముందే ఓ పక్కకి ఒదిగి దారిస్తుంది. మోకాలెత్తుకి వచ్చాక కప్పు ఆగి, సిమెంటు మెత్తబడి, నవారు మంచం పట్టీలుగా మారుతుంది. విజయనగరంలో ఆమె నడిపే కుట్టుకొట్లోనూ ఇంతే. జాకెట్టుకి హుక్కులు కుడుతూ ఒక్క కునుకు తీసిందంటే చాలు, కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు కొంగులు బిగించి పాక్కుంటూ బయటపడతారు.

మొగుడు గౌరీశుకి ఇది అలవాటే. మోచేతుల మీద పాకి వచ్చి, ఆమె పక్కన బోర్లా పడుకుని చెవి ఒగ్గుతాడు.

“నువ్వు గురకెడితే నాకు బెంగ నేదే,” అంటాడు. “అదాగిపోద్ది సూడు, అప్పుడు నా పేనం పోతాది. మల్లీ ఎప్పుడందుకుంటావా అని సూత్తా ఉంటాను.”

“నాకేటీ తెల్దు,” అంటుంది వరహాలు.

నిజంగానే తెలీదు. ఆమెకి తెలిసిందల్లా లేవగానే తలనొప్పి, పిడచకట్టిన నాలుక, పగలంతా కమ్ముకొచ్చే మగత.

ఓ మధ్యాహ్నం గౌరీశు ఆమెని నిద్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. డాక్టరు సుభాషిణి చిన్న వయసు మనిషి. వరహాల్ని నేల మీద పరుపేసి పడుకోబెట్టి, గుండెకీ నుదుటికీ వైర్లు అంటించి, నిద్రపొమ్మంటుంది. కప్పు దిగుతుంది. గౌరీశు ఎప్పట్లాగే పాకి ఆమె పక్కకి చేరతాడు. డాక్టరు చెప్పులు విడిచి, కోటు మడిచి పక్కన పెట్టి, మొగుడూ పెళ్ళాల మధ్య దూరుతుంది.

“ఎత్తు తక్కువే,” అంటుంది జానతో కొలిచి. “చిన్నప్పుడు ఇలాంటి చోట ఉండేవారా?”

వరహాలు నిద్రలోంచే జవాబిస్తుంది. “మాయమ్మ పోయాక మా నాయిన తాగొచ్చేవోడండి. నాను మంచం కిందకి దూరిపోయేదాన్ని. ఆయన వొంగి సూసేవోడు కాదు. మంచం మీద కూకుని ఇనేవోడు. ఊపిరి ఇనిపిత్తే బెల్టు తీసేవోడు.”

“వినిపించకపోతే?”

“నిద్దరోయేవోడండి.”

డాక్టరు తలూపుతుంది. “మీ గొంతుకి పాఠం బాగా వచ్చేసింది. ఇంకా అప్పజెబుతోంది.”

అంతలో నవారు కిర్రుమంటుంది. పట్టీలు బరువుతో కుంగుతాయి. పైన ఎవరో కూర్చున్నారు. పగిలిన మడమలున్న రెండు పాదాలు వాళ్ళ ముఖాల ముందుకి దిగుతాయి. సారా వాసన వస్తుంది. వరహాలు ఊపిరి ఆగిపోతుంది.

“మీ నాయిన పోయి శానా ఏల్లయిపోనాది గదే,” గుసగుసగా అంటాడు గౌరీశు.

“ఆ సంగతి ఆయనకెవురు సెప్తారు?”

సమంజసమైన ప్రశ్నే. ఎవరూ ముందుకి రారు. గౌరీశు పెదాలు బిగిస్తాడు. డాక్టరు తన ముక్కు తనే మూసుకుంటుంది. నవారు ఇంకా దిగి వాళ్ళ వీపుల్ని నేలకి నొక్కుతుంది. పక్కకి పాకుదామంటే మంచం కోళ్ళ మధ్య అప్పటికే గోడలు లేచాయి.

డాక్టరు పెదాలు నీలంగా మారుతున్నాయి. వరహాలు చెయ్యి చాచి గౌరీశు వీపు తడుముతుంది. అది కదలడం లేదు. ఆ నిశ్శబ్దాన్ని ఆమె మొదటిసారి వింటుంది. ఇన్నేళ్ళూ తన పక్కన పడుకుని మొగుడు వింటున్నది దీన్నేనని తెలుస్తుంది. బెల్టు భయం కంటే పెద్ద భయమొకటి పట్టుకుంటుంది. ఆమె నోరు తెరిచి గాలి లాగుతుంది. తుప్పు పట్టిన గడియ లాగినంత చప్పుడవుతుంది.

“ఎవుల్రా అది?” అంటుంది పైనుంచి గొంతు.

“నానే నాయినా, వరాల్ని. ఊపిరి తీత్తన్నాను.”

గౌరీశు దగ్గుతాడు. డాక్టరు రొప్పుతుంది. వరహాలు బెల్టు కోసం ఎదురుచూస్తుంది. బెల్టు రాదు. తండ్రే, ఎన్నడూ లేనిది, వంగుతాడు. తలకిందులుగా ముఖం కనిపిస్తుంది. బుగ్గలు ఉబ్బి, కళ్ళు నీళ్ళతో నిండి, చూపుడువేలు పెదాల మీద ఉంది.

“మెల్లగా తల్లీ,” అంటాడు. “పైనున్నోల్లు ఇంతారు.”

ఆమె పట్టీల సందులోంచి పైకి చూస్తుంది. తండ్రి తల మీద ఇంకో మంచం ఉంది. ఆయన దాని కింద మెడ వంచి ఇరుక్కుని ఉన్నాడు. దాని మీద మీసాల ముసలాయన, తండ్రికి తండ్రి; ఆయన నెత్తిన మరో మంచం. మనిషి మీద మనిషి, అందరూ ఊపిరి బిగబట్టి తమ పైన వేలాడుతున్న పాదాల్ని చూస్తున్నారు. ఆకాశం ఉండాల్సిన చోట కూడా నవారే ఉంది.

వరహాలు తండ్రి మడమ పట్టుకుంటుంది. “ఊపిరి తియ్యి నాయినా.”

ఆయన తల అడ్డంగా ఊపుతాడు. ఆమె మడమ వదలదు.

అన్నిటికంటే పైమంచం మీంచి వేలాడే పాదాలు బొటనవేలంతే ఉన్నాయి. అవి ఇంకా తడిగా ఉన్నాయి. పక్కనే బొడ్డుతాడు ఊగుతోంది. అప్పుడే పుట్టిన ఆ బిడ్డ నెత్తిన మాత్రం ఏ మంచమూ లేదు. నోరు తెరిచే ఉంది, ఇంకా ఏడవలేదు. కింద మంచాలన్నీ చెవులు రిక్కించి ఆ మొదటి ఏడుపు కోసం ఎదురుచూస్తున్నాయి.