తొమ్మిదో మంచం పక్క స్టూలు

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ వార్డులో నీడలు ఏరుకునే హడావుడి మొదలవుతుంది. నర్సు ఎవరికైనా "ఇప్పుడే వస్తా" అని చెప్పి వెళ్ళిందంటే, తిరిగొచ్చి ఆ పని చేసేదాకా ఆమె నీడ ఆ మంచం పక్క స్టూలు మీద కూర్చునే ఉంటుంది. ఎప్పటినుంచో ఉన్నదే ఇది. ఊడ్చే మనిషి దాని కాళ్ళ చుట్టూ చీపురు తిప్పుకుంటూ పోతుంది. చూడ్డానికొచ్చిన చుట్టాలు ఆ స్టూలు వదిలేసి మంచం అంచున సర్దుకుంటారు. డ్యూటీ దిగే ముందు ఎవరి మాట వాళ్ళు తీర్చుకుని, ఎవరి నీడ వాళ్ళు లేపుకుని పోవాలి.

"నీడలు తీసుకున్నారా తల్లుల్లారా? రేపొచ్చి నా ప్రాణం తీయకండి!" అని గుమ్మం దగ్గర నిలబడి అరుస్తుంది వార్డు ఇన్‌చార్జి.

ఎవరికైనా ఒకటో రెండో ఉంటాయి. ఇప్పుడొస్తా అక్కకి మాత్రం పదకొండు. తోటి నర్సులు పెట్టిన పేరే అది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో "కుదరదు" అన్న మాట ఆవిడ నోట ఒక్కసారి వస్తే ఒట్టు! నీళ్ళడిగినా, దిండు సర్దమన్నా, కొడుక్కి ఫోను చేసిపెట్టమన్నా, చిరునవ్వొకటి నవ్వి "ఇప్పుడే వస్తా" అనేది. మంచి మనసే, కాదన్నదెవరు? కానీ ఒక్క మనిషి నీడ పదకొండు ముక్కలైతే ఒక్కో ముక్క ఏపాటి ఉంటుంది చెప్పండి. కొన్ని స్టూళ్ళ మీద దుమ్ము పట్టిందేమో అనుకునేవాళ్ళు.

మూడు వారాల కిందట తొమ్మిదో మంచం మీద ఒక ముసలి దర్జీ ఉండేవాడు.

"అమ్మా, ఈ గోళ్ళు కాస్త తీసిపెట్టవూ? దుప్పటి పోగులు లాగేస్తున్నాయి. నలభై ఏళ్ళు గుడ్డ కుట్టినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేకపోతున్నా" అన్నాడు పొద్దున్నే.

"ఇప్పుడే వస్తా బాబాయ్" అంది. పదింటికి ఇంకోసారి అంది, పన్నెండింటికి మళ్ళీ అంది. ఒంటిగంటకి చార్టు నింపుతూ "గోళ్ళు తీయడం" అన్న గడిలో టిక్కు కొట్టేసింది. ముందు టిక్కు, తర్వాత పని. ఆ వార్డులో అందరూ చేసేదే. తిలాపాపం తలా పిడికెడు. ఒంటిగంటన్నరకి ఆవిడ మూడో మంచం దగ్గర సెలైన్ మారుస్తుంటే దర్జీ పోయాడు. పరిగెత్తుకొచ్చి చూస్తే, ఆయన గోటికి దుప్పటి పోగొకటి చిక్కుకుని ఉంది.

కబురంది రెండు కాకముందే ఆయన భార్య వచ్చింది. "పొద్దున్నించీ ఫోన్లో గోళ్ళు గోళ్ళని ఒకటే గోల. తీశారా అమ్మా?" అనడిగింది.

"తీశామమ్మా" అంది ఇప్పుడొస్తా అక్క.

ఆ ముసలావిడ అప్పటికే భర్త చెయ్యి పట్టుకుని ఉంది.

ఆ రోజునుంచీ అక్క నీడ ఆ స్టూలు దిగలేదు. మిగతా ముక్కలన్నీ దాన్లోకే వచ్చి చేరి చిక్కగా కూర్చున్నాయి. అక్క నెయిల్ కట్టర్ తెచ్చి దాని ఒళ్ళో పెట్టింది. బతిమాలింది. ఊహూఁ. వార్డంతా "పాపం, ఏదో మాట మిగిలిపోయినట్టుంది" అనుకున్నారే గానీ ఏం మాటని ఎవరూ అడగలేదు. ఆవిడ చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు.

ఇంట్లో ఇంకో బాధ. తండ్రి లేని పిల్ల, పదిహేడేళ్ళది, నర్సింగులో చేరతానని ఫారం తెచ్చింది. తల్లి సంతకం కావాలి. రేపు మాపు అంటూనే ఇవాళ్టి దాకా లాగింది. సాయంత్రం ఐదు దాటితే ఇక ఆ ఏడాదికి లేదు. పిల్ల ఊరుకుంటుందా? రెండింటికల్లా ఫారం పట్టుకుని వార్డులోకే వచ్చేసింది. తిన్నగా తొమ్మిదో మంచం దగ్గరికెళ్ళి, స్టూలు ముందు గొంతుక్కూర్చుంది.

"ఏమే, ఇక్కడున్నావా" అంది నీడతో.

చిన్నప్పుడు పిల్ల ఎక్కాలు అప్పజెప్పింది ఆ నీడకే. అమ్మ "ఇప్పుడే వస్తా" అని డ్యూటీకి పోతే ఇంట్లో మిగిలేది అదేగా. అది గుర్తొచ్చి తల్లి పిల్ల దగ్గరికి నడిచింది.

"నువ్వూ నాలాంటిదానివే. ఎవరేం అడిగినా కాదనలేవు. ఈ పని నీకొద్దే, నా మాట విను" అంది. అని, అక్కడే నిలబడి దర్జీ సంగతంతా చెప్పేసింది, టిక్కుతో సహా, అబద్ధంతో సహా.

పిల్ల ఓదార్చలేదు. "తప్పేనమ్మా. ఆవిడకి చెప్పావా?" అంది.

"ఏ మొహంతో చెప్పను?"

"ఉన్న మొహంతోనే."

పాత చార్టులో దర్జీ భార్య నంబరు చూసి వార్డు ఫోన్లో నొక్కింది. "అమ్మా, ఆ రోజు గోళ్ళు తీయలేదు. తీశామని అబద్ధం చెప్పాను" అంది ఒక్క గుక్కలో.

"నాకు తెలుసుగా. ఇంటికి తీసుకెళ్ళాక నేనే తీశాను" అంది ముసలావిడ. "బతికుండగా తీసుంటే సంతోషించేవాడు." ఫోను పెట్టేసింది.

కళ్ళు తుడుచుకుంటూ వచ్చేసరికి, తొమ్మిదో మంచం మీదున్న చెయ్యి విరిగిన టీచరమ్మకి పిల్ల గోళ్ళు తీస్తోంది, నీడ ఒళ్ళోని నెయిల్ కట్టర్ తీసుకుని. నీడ మాత్రం అలాగే ఉంది. ఇక అది లేవదని ఆవిడకి అర్థమైంది. అడిగినవాడే లేకపోతే ఏ మాట తీర్చి లేపుకుంటుంది?

"టైమవుతోందమ్మా, పెడతావా పెట్టవా?" అంటూ పిల్ల ఫారం చేతిలో పెట్టి, బస్సు చూడ్డానికి గుమ్మం దాకా వెళ్ళింది. ఆవిడ దాని వెనకే చూసింది. పిల్ల కాళ్ళ కింద నీడ లేదు. శిక్షణలో రెండో ఏడు దాటితే గానీ ఎవరికీ నీడ విడవదు! వెతికితే పదో మంచం పక్క స్టూలు మీద కనబడింది, సన్నగా, జడతో సహా.

పిలుద్దామని నోరు తెరిచి, ఆగిపోయింది. చెప్పకుండా ఏం చేస్తుందో చూడాలనిపించింది.

బస్సు హారన్ మోగింది. దాన్ని ఆపుదామని పిల్ల గుమ్మం దాటింది. మెట్ల మీద ఒక అడుగు వేసింది. మళ్ళీ గిర్రున వెనక్కి తిరిగింది.

"ఉండమ్మా, పదో మంచం తాతకి నీళ్ళిస్తానని చెప్పా. పోతే పోనీ బస్సు, ఇంకోటొస్తుంది."

గ్లాసు నింపి, తాత తల పైకెత్తి పట్టుకుని, ఆయన తాగడం అయ్యేదాకా ఆగింది. స్టూలు మీది నీడ లేచి దాని కాళ్ళ దగ్గర సర్దుకుంది.

ఇప్పుడొస్తా అక్క ఫారం కిటికీ గట్టు మీద పరిచి, ఎండలో నిలబడి సంతకం పెట్టింది. కాగితం మీద కలం నీడ ఒక్కటే కదిలింది, పట్టుకున్న చెయ్యి నీడ లేకుండా.