గుమ్మం పక్క చాప

బెంగాల్లో, గంగ ఒడ్డున, షాలిమార్ రైల్వే గేటు దాటాక ఎడమచేతి సందులో తెలుగువాళ్ల ప్రార్థన మందిరం ఒకటుంది. ముందు వరసల్లో మంచి చాపలు, నెత్తిమీద పంకాలు. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట మాత్రం అంచులు చిరిగిన చాప ఒకటి విడిగా పరిచి ఉంటుంది. సంఘం మాట దాటినవాళ్లు దాని మీద కూర్చోవాలి. అందరి ముందూ లేచి తప్పయిందని చెప్పి, పాస్టరుగారు ‘సరే’ అనేదాకా అక్కడే. ప్రభువు బల్ల దగ్గర రొట్టెకీ ద్రాక్షరసానికీ పిలుపుండదు.

ఆ చాప మీదికి ఎవరెవరు ఎందుకు వెళ్లారో జెరూషమ్మకి వరసగా గుర్తే. పూజల రోజుల్లో దీపాలు చూడ్డానికి వెళ్లాడని పెద్దిరాజు. పక్కింటివాళ్ల పూజ ప్రసాదం, సొందేశ్ మిఠాయి తిందని అమూల్య. వేరే సంఘంవాళ్ల పెళ్లిలో భోంచేశారని ఒకసారి కుటుంబం కుటుంబమే. వాళ్లదీ మన యేసే కదా అని ఆవిడకి అప్పుడే అనిపించింది. కానీ అనిపించినవన్నీ పైకి అంటే సంసారాలు సాగుతాయా? నోరు మూసుకుని తన చాప మీద తాను కూర్చుంది.

అలాంటి జెరూషమ్మ ఇంటికి ఒక సాయంత్రం మౌసుమి వచ్చింది, చంకలో కొడుకు టుకాయ్‌తో. మౌసుమి ఎదురింటి బెంగాలీవాళ్ల పిల్ల. చిన్నప్పుడే తల్లి పోతే జెరూషమ్మ వంటింట్లోనే పెరిగింది. అందుకే దాని తెలుగు కూడా అచ్చం ఆవిడ తెలుగే. పిలుపులు మాత్రం బెంగాలీవే: ఆవిడ ‘మాషీ’, ఆవిడ భర్త ‘మెసో’, అంటే పిన్నీ బాబాయీ. తోడబుట్టినవాళ్లు లేరు. పెళ్లయ్యాక కూడా ఆ ఎదురింట్లోనే కాపురం. ఏటా దీపావళి వెళ్లాక బెంగాలీ ఆడపిల్లలు అన్నదమ్ములకి చందనం బొట్టు పెట్టే రోజున, జెరూషమ్మ కొడుకు శామ్సన్ నుదుటనే పెడుతుంది. శామ్సన్ సందు చివరిదాకా ఆ బొట్టుతోనే నడిచి, మలుపులో జేబురుమాలు తీసి తుడిచేసుకుంటాడు. ఆ సంగతి మౌసుమికీ తెలుసు. నవ్వుకుంటుంది తప్ప బొట్టు మానలేదు.

“మాషీ, గురువారం టుకాయ్‌కి ముఖే భాత్. తొలి ముద్ద. మామే పెట్టాల” అంది.

“మీ అత్తోరు ఏటన్నారే?”

“మామ ఎక్కడున్నాడని అడిగినారు. ఎదురింట్లో ఉన్నాడని సెప్పీసినాను.”

జెరూషమ్మ గుండె పొంగిపోయింది. మేనమామ చేతి ముద్దంటే మనలో మాత్రం తక్కువా?

శామ్సన్ డ్యూటీ దిగి వచ్చి ఆ మాట వినగానే చొక్కా గుండీలు విప్పడం ఆపేశాడు. సంఘంలో పెద్ద అతను, ఆదివారం కానుకల సంచి పట్టుకునే మనిషి.

“అమ్మా, అక్కడ పూజ సేస్తారే. అన్నం ముందు ఆళ్ల దేవుడి కాడ పెడతారు. పాస్టరుగారికి తెలిస్తే నన్ను చాప మీద కూకోబెడతారు.”

“కూకో. చాపేటి, కరుస్తాదా?”

“నీకేటి, ఎన్నయినా అంటావు. నాను సంఘపెద్దని.”

“ఆ గుంటడికి మేనమామవి కూడాను. ఏది పెద్దదిరా?”

“రెండూ జీతం లేని ఉద్యోగాలే” అంది కోడలు పుష్పరాణి వంటింట్లోంచి.

సందులో మాట ఆగుతుందా? బుధవారం కూటానికి పాస్టరు రాజ్ కుమార్ గారి చెవిన పడనే పడింది. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే మంద చెదిరిపోతుందన్న భయంతో ఏటేటా కంచె దగ్గరికి జరుపుకుంటూ వచ్చాడు, ఇప్పుడు గొర్రెలకి మెడ తిప్పే చోటు కూడా లేదు. “విగ్రహానికి పెట్టినది ముట్టినవారికి ఈ మందిరంలో పాలుపంపులు లేవు. ఆ ఇంట చావు జరిగితే నేను మట్టికి రాను” అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. మిగతా అందరూ జెరూషమ్మ వైపే చూశారు.

ఆ మాట ఆవిడకి గట్టిగానే తగిలింది. పోయిన భర్త దయారత్నం పక్కన, నలుగురూ పాట పాడుతుండగా మట్టిలో కలవాలన్నది ఆవిడ ఒకే ఒక్క కోరిక. ఇంటికి నడుస్తుంటే కాళ్లు బరువెక్కాయి. ఎదురింటి అరుగు మీద టుకాయ్ ఆవిడని చూసి రెండు చేతులూ చాచాడు. ఎత్తుకుంది. వాడు ఆవిడ ముక్కు పట్టుకుని గట్టిగా లాగాడు. చావడం ఒక్కరోజు పని, బతికినన్నాళ్లూ ఈ ఇంటి గుమ్మం చూడొద్దూ అనుకుంది. అంతే, బరువు దిగిపోయింది.

గురువారం పొద్దున్న ఆవిడ పట్టుచీర కట్టుకుని వెళ్లింది. శామ్సన్ అంతకుముందే ఎటో వెళ్లిపోయాడు. మౌసుమి ఇంట్లో శంఖం ఊదారు. టుకాయ్‌కి పట్టుపంచె కట్టి, నెత్తిన జీలుగుబెండు కిరీటం పెట్టారు. గిన్నెలో పాయెష్, అంటే మన పరమాన్నమే. మామ కోసం వేసిన పీట ఖాళీగా ఉంది.

ఎంతసేపు చూసినా పీట నిండలేదు. “నేను పెట్టేస్తానమ్మా” అన్నాడు మౌసుమి మామగారు. మౌసుమి తల అడ్డంగా ఊపింది. జెరూషమ్మకి ఆ పిల్ల కళ్లలోకి చూడ్డానికి మొహం చెల్లక పాయెష్‌లోని కిస్‌మిస్‌లు చూస్తూ కూర్చుంది.

అప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. శామ్సన్. ఆదివారం తొడిగే తెల్లచొక్కా, చేతిలో పిల్లాడికి వెండి గిన్నె.

“ఇంతసేపు ఏటి సేసినావురా?”

“టీ కొట్టు ఎనకాల నిలుసున్నాను. టీ మీద టీ పోసేస్తున్నాడు గానీ కాళ్లు కదల్లేదు.”

పీట మీద కూర్చున్నాడు. మొదటి ముద్ద తీసుకున్నాక అలవాటు ఊరుకుంటుందా, కళ్లు మూసుకుని తెలుగులో ప్రార్థన మొదలుపెట్టాడు. బిడ్డకి ఆకలి తెలియకూడదన్నాడు, ఎదుటివాడి ఆకలి మాత్రం తెలియాలన్నాడు. అతను ఆగేసరికి మౌసుమి అత్తగారు దండం పెట్టి “దుగ్గా, దుగ్గా” అని దుర్గమ్మని తలుచుకుంది. జెరూషమ్మ “ఆమెన్” అంది. రెండూ ఒకేసారి వినబడి రెండూ ఒకచోటికే వెళ్లినట్టున్నాయి. టుకాయ్ ముద్ద మింగినట్టే మింగి, మామ తెల్లచొక్కా మీదికి తుఫుక్కున ఊసి, ఆ తర్వాత అతని వేలు వదలకుండా చీకాడు.

ఆదివారం తల్లీకొడుకులు మందిరానికి వెళ్లి, ఎవరూ చెప్పకముందే గుమ్మం పక్క చాప మీద కూర్చున్నారు. గంగ మీంచి గాలి తిన్నగా అక్కడికే వస్తోంది. “ఇన్నాళ్లూ పంకా కింద ఉడికిపోయినాం కదరా” అంది ఆవిడ.

పాస్టరుగారు పిలిచాడు. “జెరూషమ్మగారూ, లేచి ఒప్పుకోండి.”

లేచింది. “సాక్ష్యం సెప్తాను బాబూ. పెద్ద గాలివాన కొట్టిన ఏడు ఈ మందిరం రేకులెగిరిపోనాయి, గేపకముందా? అప్పుడు ఎవులొచ్చినారు? దుర్గా పూజ సేసే కుర్రోళ్లు. ఆళ్ల పందిరి గుడ్డ, ఎర్రదీ పసుపుదీ, తెచ్చి కప్పినారు. రేకులు దొరికేదాకా ఆ గుడ్డ కిందే ప్రార్థన సేసుకున్నాం. మీ తొలి ప్రసంగం దాని కిందే. అప్పుడు మనం అడిగినవి దేవుడికి అందినాయా, లేదా?”

పాస్టరుగారు తలెత్తి పైకప్పు రేకుల వైపు చూశాడు. ఆ గుడ్డ రంగు ఆయనకీ గుర్తొచ్చినట్టుంది.

“దేవుడు ప్రేమని నాకు సెప్పింది ఈ మందిరమే. దణ్ణం. ఆ ప్రేమకి తాళం ఏసింది కూడా మనమే. నాను ఒప్పుకోడానికి తప్పు దొరకలేదు బాబూ. మీ మీద కోపం లేదు, ఆకలేస్తే మా ఇంటికి రండి.”

కూర్చోలేదు. చెప్పులు పక్కనే ఉన్నాయి, వేసుకుంది. శామ్సన్ కానుకల సంచి మడిచి చాప మీద పెట్టి తనూ వేసుకున్నాడు. సందులోకి వచ్చాక వెనక ఇంకో జత చెప్పుల చప్పుడు వినబడింది. చూస్తే అమూల్య. “నన్ను ప్రసాదం సొందేశ్ తిన్నందుకు కూకోబెట్టినారు కదప్పా, అది మా బాగుండీది” అంది.

ఇప్పుడు ఆదివారాలు జెరూషమ్మ వరండాలో చాప పరుస్తారు. ముందూ వెనకా లేని చాప. ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకున్నాక, ఆ వారం ఎవరు ఎవరికి దయ చూపిస్తే కంటపడిందో ఒక్కొక్కరూ చెప్పాలి. తాము చేసింది చెప్పకూడదు, చూసిందే చెప్పాలి. సందు మూలన కొట్టున్న టైలరు మియాగారు కూడా వస్తాడు. బైబిల్లో మాటలకీ ఆయన తన గ్రంథంలోంచి చెప్పే మాటలకీ అక్కాచెల్లెళ్ల పోలిక ఉందంటుంది ఆవిడ.

మొన్న మౌసుమి ఆవిడ తలకి నూనె రాస్తూ అంది, “మాషీ, నీ మట్టికి నానొస్తాను. పాట నేర్పీ. శంఖం ఊదనులే.”

“ఊదితే ఊదు. గూడ్సు బళ్ల కూతలకి మీ మెసోకి ఎప్పుడో సెవుడొచ్చింది. నానొచ్చినట్టు ఆయనకెలా తెలుస్తాది మరి?”