శాంతయ్య పెండ్లి సబ్బు

నాలుగుసార్లు కలిపినా మహిమ సీసాలో పొరలు రాలేదు. విరిగిన పాలలాగా తెల్లటి తరకలే తేలాయి. సోమవారానికి ఎక్స్‌రే మిషన్‌లో పొరలు కనపడకపోతే ఆ పరిశోధన ఇంకొకరికి ఇచ్చేస్తానని గైడు మేడం తెగేసి చెప్పింది. రెండేళ్ళ కష్టం మరి!

శనివారం పొద్దున, కంటి పరీక్షకని కోసిగి నుంచి కర్నూలు వచ్చిన తాత శాంతయ్య నేరుగా ల్యాబుకే వచ్చి స్టూలెక్కి కూర్చున్నాడు.

"ఏం జేస్తాండావు మ్మా?"

"ఇసుకలో ఉండే సరుకు, సిలికాతో పొరలు కడ్తాండా తాతా, చపాతీల దొంతి మాదిరి. ఈ సబ్బుజాతి మందు నీళ్ళల్లో పడితే దాని అణువులు వాటంతట అవే బారులు తీరతాయి. ఆ సందుల్లో ఇసుక సరుకు పేరుకుంటాది."

"ఎవురూ అదిలించకుండానే బారులు తీరతాయా? అట్లయితే మన రేషనంగడి కాడికి ఒక చెంబెడు పంపియ్యి!"

మహిమకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "తీరడమే ల్యా తాతా. మందు మార్చినా, వేడి మార్చినా..."

"నీళ్ళు మార్చినావా?"

"అవి ఆవిరిపట్టి చల్లార్చిన నీళ్ళు. వాటిలో తప్పుండదు."

"మా కాలంలో పిల్లనిచ్చే ముందు ఆ ఊరికి పోయి, పిల్లోని మొగం కంటే ముందు సబ్బుతో చేతులు కడిగి చూసేటోళ్ళు. నురగ రాకుంటే సంబంధం వద్దు. ఆ నీళ్ళకు కందిబ్యాళ్ళు ఉడకవు, బిడ్డ పొయ్యికాడే ముసల్దయితాది. మీ అవ్వోళ్ళు చూడకుండా ఇచ్చినారు. మా ఉప్పుబాయి నీళ్ళకు పెండ్లినాటి సబ్బు యాభై రెండేండ్లయినా ఇంగా అరగల్యా!"

"అబద్ధం!"

"గూట్లోనే ఉండాది, వచ్చి చూడు."

తాత మాట కొట్టిపారేద్దామనే మహిమ తాను మందు కలిపే క్యాన్ నీళ్ళతోనే సబ్బు రుద్దుకుంది. నురగ లేదు. అరచేతిలో తెల్లటి తరకలు. సీసాలో తేలినవే!

అటెండర్ అయ్యన్నను పిలిస్తే తల గోక్కున్నాడు. "ఆవిరిపట్టే మిషను కాలి నెలాయ మ్మా. బోరునీళ్ళే పట్టి పెడ్తాండా. నీళ్ళు నీళ్ళే గదా!"

మహిమ ఇన్వర్టర్ బ్యాటరీల అంగడికి పరుగెత్తి రెండు క్యాన్ల డిస్టిల్డ్ వాటర్ తెచ్చింది. ఐదోసారి సీసాలో ఒక్క తరకా తేలలేదు.

సోమవారం తెరమీద గీత మూడుచోట్ల నిక్కింది, మూరేసి నాటినట్టు సమానమైన ఎడంతో. పొరలున్నాయని మిషనిచ్చే సాక్ష్యం అదే. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "కానివ్వు, నువ్వే ముగించు" అంది.

కొత్త అద్దాల కోసం అంతదాకా ఆగిన శాంతయ్య, మిగిలిన క్యాను చంకన పెట్టుకుని బస్సుకు బయల్దేరాడు.

"అవి తాగే నీళ్ళు కాదు తాతా!"

"తాగనీకి కాదులే మ్మా. మీ అవ్వ వరమ్మకు ఆ పెండ్లి సబ్బు నురగ ఒక్కసారన్నా చూపియ్యల్ల."