ముప్పై రెండో ఫోన్

శిరివెళ్ల దాటేసరికి బస్సులో కాలు కదిపే చోటు లేకపోయింది. పరంజ్యోతి ఒక చేత్తో పైనున్న కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో టిఫిను సంచి పొట్టకు అదుముకుని నిలబడింది. ఆళ్లగడ్డలో ఏడూ పదికి బయలుదేరే ఈ బస్సు ఎనిమిదేళ్లుగా ఆమెకు అలవాటే. ఆడవాళ్లకు టికెట్టు తీసేసినప్పటి నుంచి సీటు దొరకడం మాత్రం మానేసింది. భాద్రపదం ఉక్కకు మెడ మీద పుట్టిన చెమట వీపు మీదుగా నడుం దాకా దిగుతోంది. మామూలుగా అయితే కొంగుతో తుడుచుకునేది. ఈరోజు తుడుచుకోలేదు. రవికలో, ఎడమవైపు, ఆమె ఫోన్ ఉంది.

ఇందులో వింతేముందని ఎవరైనా అనొచ్చు. ఆ బస్సులో నిలబడ్డ ఆడవాళ్లలో సగంమంది ఫోన్లు అక్కడే ఉంటాయి. కానీ పరంజ్యోతి హ్యాండ్‌బ్యాగు మనిషి. యాభై రెండేళ్లలో రవికలో చిల్లర కూడా దోపుకోలేదు. అలాంటిది ఈరోజు తెల్లవారి ఐదింటికే ఫోన్ అక్కడ పెట్టుకుని వాకిలి ఊడ్చింది, నాలుగు బిందెల నీళ్లు మోసింది, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కాల్చింది. రైసు మిల్లులో రాత్రి కాపలా ముగించుకుని వచ్చిన భర్త సంజీవయ్య ఆ ఎత్తు చూసి అదేందని అడిగాడు. పనుందని చెప్పింది. ఆ మనిషి రెండో ప్రశ్న వేసే రకం కాదు.

ఆమె ఉద్యోగం నంద్యాలలో, సంజీవనగర్ గేటు దగ్గర, ఒక ఫోన్ల కంపెనీ సర్వీస్ సెంటర్‌లో. పాడైన ఫోన్ తీసుకుని, సిమ్ ట్రే లాగి, ఆ సందులోకి టార్చి వేసి, భూతద్దంలో చూస్తుంది. లోపల ఆవగింజంత తెల్ల స్టిక్కర్ ఉంటుంది. అది తెల్లగా ఉంటే వారంటీ ఉన్నట్టు. తడి తగిలి ఎర్రబడితే లేనట్టు. లేదని చెప్పడమే పరంజ్యోతి పని. మేనేజర్ మహేష్ ఆమెను ఏరికోరి కౌంటర్‌లో కూర్చోబెట్టింది అందుకే. మగపిల్లలు చెబితే జనం బల్ల మీద గుద్దేవాళ్లు. పరంజ్యోతి గొంతు తగ్గించి “ఇది రాదు నాయనా” అంటే ఎంత కోపిష్టివాడైనా కాసేపు నిలబడి, చీటీ మడుచుకుని వెళ్లిపోయేవాడు. ఒక మనిషి మంచితనాన్ని ఇలా కూడా వాడుకోవచ్చని కంపెనీలకు ఎవరు నేర్పుతారో తెలియదు.

ఆ గొంతు ఆమెకు ఎస్టీడీ బూత్‌లో వచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా పన్నెండేళ్లు ఆ బూత్ నడిపింది. అద్దాల గదిలో జనం ఏడుస్తూ, తిట్టుకుంటూ, బతిమాలుకుంటూ మాట్లాడుతుంటే బయట మీటరు అంకెలు చూస్తూ కూర్చునేది. విన్నా విననట్టు ఉండటం అప్పుడే నేర్చుకుంది. బూత్ మూతపడ్డాక రీచార్జి కొట్టు, అదీ పోయాక ఈ కౌంటర్. ఆమె జీవితమంతా పక్కవాళ్ల ఫోన్లతోనే గడిచింది.

నిన్న హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి పవన్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, మాట మర్యాదగా ఉంటుంది. ఒకే మోడల్ ఫోన్లు ఈ ఒక్క సెంటర్‌లో నాలుగు నెలల్లో ముప్పై ఒకటి తడిసి పాడయ్యాయని పైన ఎవరికో అనుమానం వచ్చి, చూసి రమ్మన్నారు. పవన్ ఆ ముప్పై ఒక్క జాబ్ షీట్లూ తిరగేశాడు. తొట్లో పడింది, బిందెలో పడింది, కాలవలో పడింది. అన్నీ పరంజ్యోతి చేతిరాతే. ఆఖరికి ఆమె ఫోన్ అడిగి తీసుకున్నాడు. అదీ అదే మోడల్, కొని పదకొండు నెలలయింది. ట్రే లాగి చూస్తే స్టిక్కర్ తెల్లగా ఉంది. ఫొటో తీసుకున్నాడు.

“చూశారా మేడమ్, సరిగ్గా వాడితే దీనికేం కాదు,” అన్నాడు.

తప్పంతా వాడినవాళ్లదేనని రిపోర్టు టైపు చేసి, ఫోన్లు పరీక్షించిన మనిషిగా ఆమెను సంతకం పెట్టమన్నాడు. ఆ సంతకం పడితే ముప్పై ఒక్క ఫిర్యాదులూ మూసేస్తారు. రేపు ఆ మోడల్ పట్టుకుని ఎవరొచ్చినా ఆ కాగితమే చూపిస్తారు. పరంజ్యోతి తలనొప్పని, రేపు మధ్యాహ్నం పెడతానని తప్పించుకుంది.

అసలు సంగతి ఆమెకు తెలుసు. ముప్పై ఒకటీ ఆడవాళ్ల ఫోన్లు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్‌కు, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి, పోయేవాళ్లవి. చీరకు జేబుండదు. సంచి గట్టు మీద పెడితే ఎవరెత్తుకుపోతారోనని భయం. అందుకని ఫోన్ రవికలో ఉంటుంది, పొద్దుట నుంచి చెమటలో నానుతుంది. ఈ మోడల్‌లో ట్రే అంచుకున్న రబ్బరు చూస్తే దారపు పోగంత సన్నం. ఎట్ల తడిసిందని అడిగితే ఆ ఆడవాళ్లు చుట్టూ చూసి, వంగి, ఆమె చెవిలో చెప్పేవాళ్లు. వెనకాల లైన్లో మగవాళ్లుండేవాళ్లు. ఆ మాట రాయొద్దక్కా, నీళ్లలో పడిందని రాయి అని బతిమాలేవాళ్లు. స్టిక్కర్ ఎటూ ఎర్రబడింది, ఏం రాస్తే ఏమని ఆమె అలాగే రాసింది. వాళ్ల సిగ్గు కాపాడాననుకుంది. వాళ్ల నోట్లో మన్ను కొడుతున్నానని నిన్న ఆ రిపోర్టు చూసేదాకా తట్టలేదు.

ఇప్పుడు నిజం చెప్పాలంటే ఆ కాగితాలన్నీ తప్పుడువని తన నోటితోనే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఉద్యోగం ఉండదు. అంతకంటే ముందు, ఆ మాట నలుగురు మగవాళ్ల మధ్య పైకి అనాలి. నిజానికి ఉద్యోగం కంటే ఈ రెండోదానికే ఆమె ఎక్కువ భయపడింది.

తొమ్మిదింటికి కౌంటర్‌లో కూర్చుని తన వైపున్న ఫ్యాన్ ఆపేసింది. ఏసీ గాలి ఎటూ జనం కూర్చునే వైపే. చెమట ఆరిపోతుందేమోనని ఆమె బెంగ. జ్వరమేమన్నా వచ్చిందా, ఇట్ల కారిపోతాండావని మహేష్ అడిగితే గాలి పడదులే అంది. పదకొండుకు రవికలో ఫోన్ గుర్రుమంది. ఎదురుగా రసీదు పట్టుకున్న పెద్దాయన చెవులు రిక్కించాడు. పరంజ్యోతి దగ్గింది. మళ్లీ గుర్రుమంది. మళ్లీ దగ్గింది. ఉప్పు డబ్బా కనబడక సంజీవయ్యే చేస్తూ ఉంటాడు. ఇంకో వేళ అయితే నవ్వొచ్చేది.

మధ్యలో రెండుసార్లు, లోపలికి పోయి తీసి చూద్దామనిపించింది. చూడలేదు. స్టిక్కర్ ఇంకా తెల్లగానే ఉంటే పవన్ మాటే నిజమవుతుంది. అప్పుడు ఆ ముప్పై ఒక్క మందీ అబద్ధాలాడినట్టు, తను పిచ్చిదైనట్టు. 

రెండింటికి లూదియా వచ్చింది. చాగలమర్రి పక్క పల్లె, పాతికేళ్లు దాటి ఉండవు, ముప్పై ఒకటో ఫోన్ ఆమెదే. ఇది మూడోసారి రావడం. మేస్త్రి ముందురోజు ఫోన్ చేసి పిలిచినవాళ్లకే చేలో పని. ఫోన్ పోయి పదిరోజులు, పిలుపూ లేదు, పనీ లేదు. ఈ మాట ఆమె పోయినసారే చెప్పింది. ఈసారి ఏమీ చెప్పకుండా ప్లాస్టిక్ కవరులో ఫోన్ పట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

పవన్‌కు ఎవరో ఒక కస్టమర్ దొరికినందుకు సంతోషమే అయింది. దగ్గరికి వెళ్లి, ఫోన్ ఎలా తడిసిందమ్మా అని మర్యాదగానే అడిగాడు. లూదియా తల తిప్పి పరంజ్యోతి వైపు చూసింది. ఆ చూపుకు అర్థం వాళ్లిద్దరికే తెలుసు.

“తొట్లో పడింది సార్. గొడ్లకు నీళ్లు పెడతాంటే,” అంది.

లూదియాకు గొడ్లు లేవు. పవన్ తల ఊపి, కౌంటర్ దగ్గరికి వచ్చి, రిపోర్టు పరంజ్యోతి ముందు పెట్టి, పైన పెన్ను ఉంచాడు. మహేష్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరు మెకానిక్‌లు కూడా తలలెత్తి చూశారు.

పరంజ్యోతి లేచింది. సిగ్గుకొద్దీ గోడవైపు తిరగబోయి ఆగిపోయింది. తిరగలేదు. కొంగు కింద చెయ్యి పెట్టి, ఫోన్ తీసి రిపోర్టు మీద పెట్టింది. కాగితం మీద తడి పాకింది.

“నిన్న మీరు ఫొటో తీసిన ఫోనే సార్. తెల్లార్జామున ఐదింటి నుంచి ఈడ ఉండాది,” అని చేత్తో గుండె మీద తాకి చూపించింది.

పవన్ ముఖం ఎర్రబడింది. చూపు గోడ మీది క్యాలెండర్ వైపు తిప్పుకున్నాడు. మహేష్ అక్కా అంటూ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె పిన్ను తీసి ట్రే రంధ్రంలో పెట్టబోయింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి ట్రే వచ్చింది. భూతద్దం, టార్చి పవన్ ముందుకు తోసి మీరే చూడండి అంది.

అతను చాలాసేపు చూశాడు. నిలబడ్డ చోటు నుంచి ఆమెకు ఏమీ కనబడలేదు.  చివరికి అతను నిన్న తీసిన ఫొటో తెరిచి పక్కన పెట్టుకుని, మళ్లీ చూశాడు.

“ఎర్రగా ఉంది,” అన్నాడు. రోజూ ఆమె జనానికి చెప్పే గొంతుతోనే అన్నాడు.

పరంజ్యోతి కూర్చుంది.  పవన్ టార్చి ఆర్పి, తడికి దూరంగా ఉంచమని మాన్యువల్‌లో రాశాం కదా అన్నాడు.

“మనిషికే దూరంగా పెట్టమని రాయండి అట్లయితే,” అంది. “ఆ ముప్పై ఒక్క కాగితాలూ తప్పు సార్. ఎవరివీ తొట్లో పళ్ళేదు. సిగ్గుపడి వాళ్లు చెప్తే, సిగ్గుపడి నేను రాసినా. ఎట్ల పాడుజేసినారని మీరు అడుగుతాండారు గానీ, యాడ పెట్టుకుంటాండారని ఒక్కనాడన్నా అడిగినారా? అడిగినా మేం చెప్పేటోళ్లం కాదేమో. అయినా అడగల్ల. అడిగి, దానికి తగినట్టు చేయల్ల. ఆ రబ్బరు ఇంకొంచెం దొడ్డుగా ఉంటే సరిపోయేది.”

పవన్ రిపోర్టు ఇలా పంపనని, కొత్తది రాస్తానని చెప్పాడు. పైవాళ్లు ఏం చేస్తారో మాత్రం చెప్పలేనన్నాడు. జాబ్ షీట్లు తప్పుగా రాసిన సంగతి కూడా అందులో రావాలి, మీ పేరు లేకుండా ఇది రాయలేను మేడమ్ అన్నాడు.

“రాయి నాయనా,” అంది పరంజ్యోతి.

రేపటి నుంచి రావద్దని ఎవరూ నోటితో అనలేదు. మహేష్ తల వంచుకుని ఆమె కంప్యూటర్ లాగిన్ మూసేశాడు. ఎనిమిదేళ్లలో ఆ కుర్చీ ఆమె నడుముకు తగ్గట్టు అరిగిపోయింది. మెళ్లోని గుర్తింపు కార్డు తీసి కీబోర్డు మీద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. మిషను దగ్గర టోకెను తీసుకుని బెంచీ మీద లూదియా పక్కన కూర్చుంది. మహేష్‌కు ఇంకో దారి లేదు. ఆ నంబరు వచ్చాక అతనే ఆమె కుర్చీలో కూర్చుని పిలిచాడు. ఫోన్‌కు ఏమైందని, ఎట్ల తడిసిందని అందరినీ అడిగినట్టే అడిగాడు. 

ఆమె చెప్పింది. అతని పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

“రాయప్పా. రవికలో పెట్టుకుంటే చెమటకు తడిసిందని రాయి.”

అతను రాశాడు. పరీక్షించినవారి సంతకం దగ్గర ఖాళీగా వదిలేసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. కస్టమర్ అని ఉన్న చోట పరంజ్యోతి పూర్తి పేరు రాసి, సంతకం చేసింది. వెనక నుంచి లూదియా లేచి వచ్చి ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టింది. ఈసారి ఆమె మాట హాల్లో అందరికీ వినబడింది.

“నాదీ అట్లే మార్చి రాయండి సార్. తొట్లో పళ్ళేదు.”

లైన్లో ఉన్న మగవాళ్లెవరూ నవ్వలేదు. ఒకాయన వాళ్లకు దారిచ్చి పక్కకు జరిగాడు. పరంజ్యోతికి ఏడుపొచ్చింది, కొంగుతో ముఖం తుడుచుకుంది, అదే కొంగుతో మెడ కూడా. ఇక తుడుచుకోవచ్చు. నాలుగున్నర బస్సుకు ఇద్దరూ కలిసి బయలుదేరారు. ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి ఇద్దరి దగ్గరా ఫోన్ లేదు.

వాళ్లు గేటు దాటాక పవన్ తన జాబితాలో ఇంకో వరస చేర్చుకున్నాడు. మహేష్ ముప్పై రెండని చీటీ రాసి, కట్టడానికి ఆ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది.