సీటు పట్టుకున్న చెయ్యి

వీడియోలో ముఖ్యమైనది ఏదో కంప్యూటరుకు నేర్పడం నా ఉద్యోగం. ప్రతి ఫ్రేములోనూ దాని చుట్టూ మౌసుతో గీత గీయాలి. పొద్దున్నుంచీ గీసి గీసి మణికట్టు పీకేస్తోంది.

ఈ వీడియోలో ఒక పిల్ల సైకిలు నేర్చుకుంటోంది. వాళ్ళమ్మ సీటు పట్టుకుని వెనకే పరుగెడుతోంది. నేను పిల్లనీ సైకిలునీ, సీటు మీదున్న చేతినీ కలిపి గీశాను. సూపర్‌వైజరు వెనక్కి పంపాడు.

"ఆ చెయ్యేంటమ్మా మధ్యలో? తీసెయ్."

"అది లేకపోతే పిల్ల పడిపోతుంది సార్."

"కంప్యూటరుకి అవన్నీ ఎందుకమ్మా? ముఖ్యం పిల్లా, సైకిలూ. అంతే."

మరి ఆవిడ ఊరికే పరుగెడుతోందా? అనుకుంటూనే ఒక్కో ఫ్రేములో ఒక్కో వేలూ చెరుపుకుంటూ పోయాను. చివరికి సరిచూసుకోవడానికి గీత బయటిదంతా నల్లగా చేసి, వీడియో నడిపాను.

అప్పుడే ఇంటి నుంచి అమ్మ ఫోను.

"పాప బడి నుంచి వచ్చేసిందే. పాలు తాగించా, పాఠం చదివిస్తున్నా. నువ్వేం కంగారు పడకు."

"పనిలో ఉన్నానమ్మా! మాటిమాటికీ చెయ్యకు" అని విసుక్కుని పెట్టేశాను.

తెర మీద పిల్ల ఎవరి సాయమూ లేకుండా ఎంచక్కా తొక్కుకుంటూ పోతోంది.