మినహాయింపు లేని వేళ

నేను ఒక వేళను. చేతికి దొరికే వస్తువును కాను గనుక తుప్పు పట్టను, పాత సామాన్లవాడి తక్కెడలో తూగను. ఒక విశ్వవిద్యాలయపు పరీక్షల విభాగంలో, ఎప్పుడూ చల్లగా ఉండే గదిలో, ఒక కంప్యూటరు తెరమీద నాలుగు గళ్ళుగా కనిపిస్తాను: ఏ ఖాతా, ఏ రోజు, ఏ గంట, ఎవరికి మినహాయింపు. ఆ నాలుగో గడి ఖాళీగా ఉన్నంతకాలం నాకు ఏ మచ్చా లేదు.

నా పని చెబుతాను. విభాగంలో మామూలు ఉద్యోగి తెరిచే ఖాతా అతని బల్ల సొరుగు వంటిది. అందులో అతని పని మాత్రమే ఉంటుంది. పెద్ద ఖాతాలు కొన్ని ఉన్నాయి. వాటిని తెరిచినవారు విద్యార్థుల మార్కులు చూడటమే కాదు, దిద్దగలరు కూడా. అటువంటి ఖాతా పాస్‌వర్డు ఒకే రూపంలో ఎక్కువకాలం ఉంటే మెల్లగా పదిమంది చెవిన పడుతుంది. అందుకని వారానికి ఒకసారి, ఎవరినీ అడగకుండా, వాటి పాస్‌వర్డులన్నీ నేను మార్చేస్తాను. కొత్తది నేనే కల్పిస్తాను. అది ఏ దేవుడి పేరూ కాదు, ఏ బిడ్డ ముద్దుపేరూ కాదు. నోరు తిరగని అక్షరాల పోగు. దాన్ని పెట్టెలో దాస్తాను. కావలసినవారు తమ పేరూ, కారణమూ తెలిపి తీసుకోవాలి. పని ముగియగానే మళ్ళీ మార్చేస్తాను. మనుషులు దీనిని అపనమ్మకం అంటారు. నేను సమానత్వం అంటాను.

నన్ను అమర్చిన మనిషి పేరు పాముల కెజియా. కాంట్రాక్టు ఉద్యోగిని, చీరాల అమ్మాయి. గంట మోగితే నోట్లో మాట నోట్లోనే ఆపవలసిన బడిలో, సిస్టర్ల దగ్గర చదువుకున్నది. ఆ క్రమశిక్షణ నాలో ఉన్నదంటే అది ఆమె పెంపకమే. ఆదివారం సాయంత్రం అయిదు గంటలు నా వేళగా నిర్ణయించింది. అప్పుడు ఆఫీసు ఖాళీగా ఉంటుంది, ఎవరి పనీ ఆగదు. నా అధీనంలో ఉండవలసిన ఖాతాల జాబితాలో మొట్టమొదట తన ఖాతానే చేర్చింది. తనను మినహాయించుకోవడం ఆమెకు ఒక్క వేలి పని. ఆ వేలు కదలలేదు. నన్ను తయారుచేసిన మనిషికి కూడా నేను దాచిన పాస్‌వర్డు తెలియదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా కథ తేలిక.

విభాగానికి అధిపతి పుండరీకాక్షరావు గారు. అందరూ కంట్రోలర్ గారనేవారు. చెడ్డ మనిషి అనలేను. అయితే సంతకం తప్ప మరే పనీ స్వహస్తాలతో చేయడం తన హోదాకు తగదని ఆయన నమ్మకం. కీబోర్డు ముట్టేవారు కారు. ఆయన తరఫున టైపు చేయడానికి పి.ఎ. గవర్రాజు ఉండేవాడు. నా వేళ సంగతి ఎవరో చెవిన వేయగానే కంట్రోలర్ గారు కెజియాను పిలిపించారు.

“ఏమ్మా, ఆదివారం సాయంత్రం అయిదంటే రాహుకాలం కదా! యూనివర్సిటీ తాళాలు ఆ వేళప్పుడా మార్చడం?”

“ఆ వేళకి ఆఫీసులో ఎవరూ ఉండరు సార్.”

“రాహువు ఉంటాడు కదండీ,” అన్నాడు గవర్రాజు.

గదంతా నవ్వింది. కెజియా నవ్వలేదు. ఆ నవ్వుల మధ్యనే నన్ను సోమవారం ఉదయం పదకొండు గంటలకు జరిపారు. అది దివ్యమైన ముహూర్తమని పంచాంగం హామీ ఇచ్చింది. ఆ గంటకు విభాగంలో ప్రతి కుర్చీ నిండి ఉంటుందన్న విషయం పంచాంగంలో లేదు.

ఒక సోమవారం ఫలితాలు విడుదల చేయవలసి వచ్చింది. వరండాలో విలేకరులు, మేడమీద వైస్ ఛాన్సలర్ గారు. పదకొండు కొట్టింది. నా ధర్మం నేను నిర్వర్తించాను. తెరమీద పని చేస్తున్న ప్రతి పెద్ద ఖాతా సగంలో మూసుకుపోయింది, కంట్రోలర్ గారి ఖాతాతో సహా. తిరిగి అన్నీ తెరిచేసరికి విలేకరులు విసుగెత్తి వెళ్ళిపోయారు. ముహూర్తాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అపరాధం నా నెత్తిన పడింది.

“నా ఖాతా జోలికి రావద్దని చెప్పండి దానికి!” అని అరిచారాయన. నాలుగో గడిలో తన పేరు రాయమన్నారు.

“నోటిమాట మీద రాయను సార్, ఆర్డరు ఇప్పించండి,” అన్నది కెజియా.

ఆర్డరు ఆ వారమే వచ్చింది. అది మినహాయింపు ఆర్డరు కాదు, ఆమె బదిలీ ఆర్డరు. ఊరికి అవతలి కొసన, వాడిన జవాబు పత్రాలు మూటలు కట్టి పడవేసే గోడౌనుకు పంపేశారు. ఆమె స్థానంలోకి వచ్చినవారు ప్రశ్నలు వేయలేదు. నా నాలుగో గడి నిండింది. ఇకపై మారవలసిన అవసరం లేని పాస్‌వర్డు ఒకటి పెట్టుకునే భాగ్యం కంట్రోలర్ గారికి కలిగింది. ఆ మరుసటి వారమే ఆయన మనవడికి బారసాల. ఆ పిల్లవాడి పేరునే గవర్రాజు భక్తిగా పాస్‌వర్డుగా పెట్టాడు.

తరువాత ప్రతి సోమవారం అన్ని తాళాలూ మార్చుకుంటూ వెళ్ళి, ఆ ఒక్క గడప దగ్గర మాత్రం వెనుదిరిగాను. నా జీవితంలో అవమానమంటే అదే. మనుషులు విశేషాధికారం అనే మాటను ఎంత ప్రేమగా పలుకుతారో అప్పుడు గమనించాను. అధికారం కంటే వారికి ఆ విశేషమే ప్రీతి.

సప్లిమెంటరీ పరీక్షల తరువాత కొందరు విద్యార్థుల మార్కులు పెరిగినట్లు బయటపడింది. దిద్దుబాటు జరిగినది కంట్రోలర్ గారి ఖాతాలోంచి. ఆయన తడుముకోలేదు. “తాళాల పద్ధతి పెట్టింది ఆవిడ. పాస్‌వర్డులు తెలిసింది ఆవిడొక్కతికే,” అన్నారు. కెజియాను ఉద్యోగంలోంచి ఆపేశారు. పోలీసులకు పంపవలసిన ఫిర్యాదు సిద్ధమయింది. జీతం పోతే మరొక చోట వెతుక్కోవచ్చు. తాళాలు దొంగిలించినదన్న పేరు పడిన మనిషికి ఏ ఆఫీసువారు కంప్యూటరు అప్పగిస్తారు? ఆమె నేర్చిన విద్య అదొక్కటే. ఆ విద్యనే ఆమె మీద సాక్ష్యంగా నిలబెట్టారు. నాకు నోరు లేదు. ఉండి ఉంటే ఆ రోజు మర్యాద పాటించేదాన్ని కాను.

ఫిర్యాదు పంపేముందు విచారణ జరపాలని విశ్వవిద్యాలయం ఒక రిటైరైన జిల్లా జడ్జిని నియమించింది. పేరు ఇందుమతీదేవి. ఆమె కాగితాలు పక్కన పెట్టి, అందరినీ నేనున్న గదికే రమ్మన్నది.

“పాస్‌వర్డులు నీకు తెలుసా?” అని కెజియాను అడిగింది.

“తెలియవమ్మా. మారే వేళ నేను పెట్టాను. ఏమని మారుతుందో నాకూ తెలియదు.”

“వంట చేసినవాళ్ళకి ఉప్పెంత పడిందో తెలియదంటే నమ్మమంటారా అమ్మా?” అన్నారు కంట్రోలర్ గారు.

జడ్జిగారు నవ్వలేదు. “మీ ఖాతా ఒకసారి తెరిచి చూపించండి.”

“దానికేం భాగ్యం. గవర్రాజూ, కొట్టవయ్యా.”

“అతను వద్దు. మీరు కొట్టండి.”

ఆయన కుర్చీలో సర్దుకున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. చూపుడువేలు గాలిలో కాసేపు తిరిగింది.

“ఏంటయ్యా అది?”

“చిన్నబాబు గారి పేరేనండీ... రుద్రాంశ్,” అన్నాడు గవర్రాజు, గొంతు తగ్గించి.

ఆయన ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కారు. “పేరు తరవాత?”

గవర్రాజు జడ్జిగారి వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. తలుపు దగ్గర టీ పళ్ళెంతో నిలబడి ఉన్న నాగరత్నమ్మ జాలిపడింది. “ఒకటి, రెండు, మూడండీ!” అన్నది. ఆమె వెనక తొంగిచూస్తున్న గుమాస్తాలు ఇద్దరు అదే క్షణంలో అదే మాట అన్నారు.

జడ్జిగారు తలుపు వైపు తిరిగింది. నాగరత్నమ్మకు తప్పేమిటో అర్థం కాలేదు. “మా అందరికీ తెలుసు కదండీ! బారసాల లడ్డూలు పంచిన్నాడు గవర్రాజుగారే చెప్పారు, బాబుగారి పేరు కంప్యూటర్లో కూడా ఎక్కించేశామని.”

“బారసాల నాటికి నువ్వెక్కడున్నావు?” అని జడ్జిగారు కెజియాను అడిగింది.

“గోడౌనులో అమ్మా. నాకు లడ్డూ కూడా రాలేదు.”

అప్పుడు మొదటిసారిగా జడ్జిగారి పెదవి కొంచెం వంగింది. వెంటనే సరిచేసుకున్నది. “మార్కులు దిద్దిన చెయ్యి ఎవరిదో వేరే తేలుస్తారు. ఈ అమ్మాయి మీద నేరం మాత్రం ‘ఆమెకొక్కతికే తెలుసు’ అన్న ఒక్క మాట మీద నిలబడింది, పుండరీకాక్షరావు గారూ. ఆ మాటను ఇప్పుడు మీరే పడగొట్టారు.”

దిద్దిన చెయ్యి తరువాత దొరికింది. అది లడ్డూ తిన్న చెయ్యే.

కెజియాను సగౌరవంగా వెనక్కి పిలిచి, నేరం నిరాధారమని నోటీసు బోర్డు మీద పెట్టారు. కంట్రోలర్ గారు ఆమెతో, “పొరపాటు జరిగిందమ్మా,” అన్నారు. పొరపాటు తనంతట తానే నడిచివచ్చి జరిగిపోయినట్లు మాట్లాడటం మనుషులకు బాగా చేతనవును. కెజియా ఆయన కళ్ళలోకి సూటిగా చూసి, “చేశారు సార్,” అన్నది. ఆయన, “చేశాను,” అన్నారు. నా లెక్కలో న్యాయం పూర్తి అయినది అక్కడే.

ఆమె నా దగ్గరకు వచ్చి మొదట నాలుగో గడి చెరిపేసింది. తరువాత నన్ను ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు తిరిగి జరిపింది. రాహువును గూర్చి ఈసారి ఎవరూ ప్రస్తావించలేదు.

మరుసటి సోమవారం కంట్రోలర్ గారు ఎప్పటిలా గవర్రాజును పిలిచారు.

“కారణం మీరే రాయాలటండీ, ఆయ్,” అన్నాడతను, దూరంగా నిలబడి.

ఆయన ఒంటివేలితో, చాలాసేపు కష్టపడి, “ఫలితాలు చూచుటకు” అని రాశారు. ఆ అయిదు నిమిషాలూ నాకు ఆయన మీద కొద్దిపాటి గౌరవం కలిగింది.

త్వరలో కొత్త సాఫ్ట్‌వేరు వస్తుందంటున్నారు. అప్పుడు నన్ను చెరిపేస్తారు. మ్యూజియంలో పెట్టడానికి నాకు ఆకారం లేదు. పెట్టవలసిన అవసరమూ లేదు, సరైన వేళను ఎవరైనా తిరిగి అమర్చగలరు. అందాకా ప్రతి ఆదివారం సాయంత్రం, రాహుకాలం నడుస్తూ ఉండగానే, మొదట కెజియా తాళం మారుస్తాను, తరువాత పుండరీకాక్షరావు గారిది. ఆ వరుసలో నా పక్షపాతం ఏమీ లేదు. అక్షరక్రమంలో ఆమె పేరు ముందు వస్తుంది, అంతే.